అంతా మామూలే

టోక్యో వచ్చిన మొదటి మూడేళ్ళూ మా ఇంట్లో భోజనాల బల్ల లేదు. ఇండియా నుంచి కుక్కరూ, పుస్తకాలూ వేసుకొచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటుండేది. దాన్ని బోర్లించి, మీద ఓ పాత చున్నీ పరిచి, కింద కూర్చుని దానిమీద తినేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆ పెట్టె మెత్తబడి మధ్యలో గుంట పడింది. సాంబారు గిన్నె ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే ఉండేది. "ఓ బల్ల కొందాం" అని మా ఆవిడ అన్నప్పుడల్లా నా దగ్గర ఒకటే జవాబు: "ఎట్లాగూ వెళ్ళిపోతాం కదా."

ఈ మాట గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పరాయిదేశంలో కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాడికి అక్కడి రోజువారీ బతుకుని ఇష్టపడే హక్కుందా? ఉంటే, ఆ ఇష్టానికి బదులుగా ఎవరికైనా ఏమైనా బాకీ పడతాడా? వినడానికి పెద్ద ప్రశ్నల్లా ఉన్నాయి గానీ, నాకవి ఆ అట్టపెట్టె దగ్గరే మొదలయ్యాయి.

మా కంపెనీ నన్ను 2018 జూన్‌లో 18 నెలల పనిమీద పంపింది. ఆ 18 నెలలూ ఆర్నెల్లకోసారి సాగుతూ సాగుతూ, ఈ జూన్‌కి ఏడేళ్ళవుతాయి. మేముండేది నిషి కసాయి. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ, "అదేం పేరురా, మనుషులుండే చోటుకి కసాయి అని పెట్టుకుంటారా?" అంది. టోక్యోకి తూర్పున, ఎదొగావా వార్డులో ఉంది. 2000 సంవత్సరం దగ్గరపడుతున్నప్పుడు వైటుకే పనిమీద వచ్చిన మన ఇంజినీర్లు, ఒతెమాచిలోని ఆఫీసులకి తోజాయి లైన్లో రైలు మారకుండా వెళ్ళొచ్చని ఇక్కడ చేరారు. అప్పట్నుంచీ ఒకరి వెనక ఒకరు. ఇప్పుడు స్టేషన్ చుట్టుపక్కల కందిపప్పు, ఇడ్లీ రవ్వ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి.

ఇక్కడ మనవాళ్ళలో ఎవర్నడిగినా "ఇంకో ఏడాది, అంతే" అంటారు. పదేళ్ళుగా అదే మాట అంటున్నవాళ్ళు నాకు తెలుసు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఎక్కడికెళ్ళినా జేబులో ఉంచుకోవాల్సిన రెసిడెన్స్ కార్డు మీద గడువు తేదీ ఉంటుంది. ఇంటి అద్దె ఒప్పందానికి రెండేళ్ళ గడువు. ప్రాజెక్టుకి ఇంకో గడువు. ఇన్ని గడువుల మధ్య ఉన్నవాడు బల్ల కొనడానికి వెనకాడితే అది పిసినారితనం కాదు, ముందుచూపు. కనీసం నేను అలాగే అనుకునేవాణ్ణి.

*

తాత్కాలికంగా ఉండేవాళ్ళు రెండు రకాలని నా లెక్క. రెండు రకాలుగానూ నేను ఉండి చూశాను కాబట్టి ఎవర్నో అన్నట్టు కాదు.

మొదటి రకం వాయిదా వేసేవాడు. అసలు జీవితం ఇండియాలో ఆగి ఉందనీ, తను వెళ్ళి బొత్తాం నొక్కగానే వదిలేసిన చోటునుంచి మళ్ళీ నడుస్తుందనీ వాడి నమ్మకం. మంచి కంచాలు అక్కడికెళ్ళాక కొందాం, పిల్లకి సంగీతం అక్కడ చెప్పిద్దాం, చదవాల్సిన పుస్తకాలు అక్కడ చదువుదాం. అక్కడ మాత్రం ఏదీ ఆగి ఉండదు. సెలవుకి వెళ్ళిన ప్రతిసారీ నాన్న మెట్లెక్కే వేగం ఇంకాస్త తగ్గి ఉండేది.

రెండో రకం ఫొటోలు తీసేవాడు. వాడికి ఈ ఊరు ఒక ఎగ్జిబిషన్. రైలు నిమిషం తేడా లేకుండా రావడం, బడిపిల్లలు ఒంటరిగా నడిచి వెళ్ళడం, దుకాణంవాడు చిల్లర రెండు చేతులతో ఇవ్వడం, అన్నీ అద్భుతమే. చూడాలనుకున్నది చూస్తాడు, మిగతాది ఫ్రేము బయట వదిలేస్తాడు. తోజాయి లైన్లో కిబా, మొన్జెన్ నకచో స్టేషన్ల మధ్య పొద్దుటిపూట రద్దీ 2019 లెక్కల్లో 199 శాతం. అంటే వందమంది పట్టే చోట రెండొందల మంది. ఆ రెండొందల మందిలో ఒకడిగా రోజూ నలిగినవాడు రైలు టైముకి వచ్చిందని ఫొటో తీసి పెట్టడు.

వీళ్ళిద్దరూ పైకి పూర్తిగా వేరు. మొదటివాడు ఏదీ చూడడు, రెండోవాడు అన్నీ చూస్తాడు. కానీ లోపల ఇద్దరి లెక్కా ఒకటే: ఈ చోటుతో నాకు ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ లేదు. ఒకడు అందుకే కళ్ళు మూసుకుంటాడు, ఇంకొకడు అందుకే నిశ్చింతగా చూస్తాడు.

ఇక్కడ మన వేదాంతం ఒక తేలిక జవాబు చెబుతుంది. లోకమే ఒక సత్రం, అందరం తాత్కాలికమే, తెనాలి అయినా టోక్యో అయినా ఒకటే అని. ఈ మాట నిజమే కావచ్చు గానీ నాకెందుకో దీన్ని జవాబుగా ఒప్పుకోబుద్ధి కాదు. అన్నీ తాత్కాలికమే అన్నవాడికి ఏదీ పట్టించుకోకుండా ఉండే వీలు దొరుకుతుంది. అయినా సత్రంలో దిగినవాడు కూడా పడుకునే ముందు చాప పరిచేంత మేర ఊడ్చుకుంటాడు కదా.

*

2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆఫీసు ఇంటికొచ్చింది. వెళ్ళడానికి లేనప్పుడు "ఎట్లాగూ వెళ్ళిపోతాం" అన్న మాటకి అర్థం లేదు. కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. రెండేళ్ళుగా ఉంటున్న వీధిని అప్పుడు మొదటిసారి చూశాను.

ఎండ కాసిన రోజు ఎదురింటి బాల్కనీల్లో పరుపులు ఆరేస్తారు. సాయంత్రం వాటిని కర్రతో కొట్టి లోపలికి తీసుకెళతారు. చెత్త పెట్టే చోట సంచుల మీద ఒక నీలంరంగు వల కప్పుతారు, కాకులు చింపకుండా. మూలింటి పెద్దాయన పొద్దున్నే తన వాకిలి ఊడ్చి, పక్కింటి వాకిలి కూడా ఒక రెండడుగులు ఊడుస్తాడు. అంతకుమించి ఊడిస్తే పక్కింటివాళ్ళు నొచ్చుకుంటారేమో! సాయంత్రం అయిదు ప్రాంతంలో వార్డు లౌడ్‌స్పీకర్లలో ఓ పాత పిల్లల పాట వరస వినిపిస్తుంది. ఆడుకునే పిల్లలు ఇళ్ళకి మళ్ళుతారు. అది పిల్లల కోసమే అనుకున్నాను. నిజానికి అవి భూకంపం, వరదలాంటివి వచ్చినప్పుడు హెచ్చరించడానికి పెట్టిన లౌడ్‌స్పీకర్లు. పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి కూడా రోజూ ఆ పాట వేస్తారట. మా భాషలో హెల్త్ చెక్ అన్నమాట. సర్వర్ బతికుందా అని ఇంకో ప్రోగ్రామ్ ఊరికే పిలుస్తూ ఉంటుంది, "ఉన్నాను" అని అది పలుకుతుంది. వేరే కబురేం ఉండదు.

వంటింట్లో కూడా మార్పు వచ్చింది. మన బియ్యం నిండుకున్న వారం ఇక్కడి బియ్యం వండాం. అది ముద్దలా అంటుకుంటుంది. పులిహోరకి పనికిరాదు గానీ, పెరుగన్నానికి దాన్ని మించింది లేదని తేలింది. 2021లో పాత సామాన్ల కొట్లో ఒక పొట్టి బల్ల కొన్నాం. కోతాత్సు అంటారు. కింద కూర్చునే తినొచ్చు, చలికాలం దాని అడుగున హీటర్ వేసుకుని మీద దుప్పటి కప్పుకోవచ్చు. ఆ రాత్రి సాంబారు గిన్నె తిన్నగా నిలబడింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా వినిపించింది.

తర్వాతి రెండేళ్ళూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. మా ఇంటికి ఉత్తరంగా నడిస్తే షిన్‌కావా అని ఓ చిన్న కాలవ వస్తుంది. పొడవు 3 కిలోమీటర్లు ఉంటుందేమో. ఈ ఊరిని ఎదో అని పిలిచిన రోజుల్లో గ్యోతొకు ఉప్పుమళ్ళ నుంచి ఉప్పు పడవలు దీని మీదుగానే నగరానికి వెళ్ళేవి. ఇప్పుడు రెండు గట్ల మీదా చెర్రీ చెట్లు. రోజూ సాయంత్రం అక్కడ నడిచేవాణ్ణి. రోజువారీ బతుకుని ఇష్టపడటం నేర్చుకున్నాననీ, మా తెలుగువాళ్ళలో చాలామందికి రానిది నాకొచ్చిందనీ లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

*

2023 మార్చి మూడోవారంలో తెనాలిలో మా నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటికి విమానాలు మామూలుగానే తిరుగుతున్నాయి. వెళ్ళొచ్చు. కానీ ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళే వారం అది. అన్నయ్య, "నువ్వు రావక్కర్లేదులేరా, నేనున్నాగా" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే నేను "సరే" అన్నానని తర్వాత గుర్తొచ్చింది.

ఆపరేషన్ రోజు సాయంత్రం షిన్‌కావా గట్టు మీద పూలు విరగబూసి ఉన్నాయి. నాన్నకి కాస్త ఊరటగా ఉంటుందని నాలుగు ఫొటోలు తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ రాత్రి అన్నయ్యతో మాట్లాడుతూ, ఇక్కడివాళ్ళు ఎంత చిన్న విషయాన్నయినా ఎంత శ్రద్ధగా చూస్తారో, మనం మన చుట్టూ ఉన్నవాటిని ఎలా పట్టించుకోమో చెప్పుకుపోతున్నాను. అన్నయ్య ఆస్పత్రి కారిడార్లో ఉన్నాడు. అంతా విని, "నీకేంరా, నువ్వు చూసేవాడివి" అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయి ఉన్నాడు, అంతే. "ఇక్కడా రోజులు గడుస్తున్నాయి. చూట్టానికి తీరికెవరికి?"

ఆ మాట ఎన్నాళ్ళయినా వదల్లేదు. వాడు చెప్పింది నిజమని నాకు వెంటనే తెలిసింది. ఎందుకు నిజమో తెలియడానికి టైం పట్టింది.

ఇక్కడ నా రోజు అంత తేలిగ్గా, అంత అందంగా ఎందుకుంది? ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. పెళ్ళికి పిలిచేవాళ్ళు లేరు, చావుకి వెళ్ళాల్సిన ఇల్లు లేదు. అప్పు అడిగే బాబాయి లేడు. గోడ మీద తగాదా పడే పొరుగు లేదు. మా బాబాయిలూ, తగాదాలూ, ఆస్పత్రి కారిడార్లూ అన్నీ తెనాలిలో అన్నయ్య నెత్తిన ఉన్నాయి. ఖాళీ చేతులతో ఉన్నాను కాబట్టి పూలు చూడగలిగాను. నేను శ్రద్ధ అనుకున్నదాంట్లో సగం తీరికే.

తెనాలి విషయంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ నాకు బాధ్యత ఉంది. నెలనెలా డబ్బు పంపుతాను, ఆదివారం ఫోన్ చేస్తాను. కానీ చూపు లేదు. షిన్‌కావాలో ఏ కాలంలో ఏ పడవలు తిరిగాయో చెప్పగలను. మా ఇంటి వెనక కాలవ, చిన్నప్పట్నుంచీ ఇరవయ్యేళ్ళు సైకిల్ మీద దాటిన కాలవ, ఏ ఊళ్ళకి నీళ్ళు తీసుకెళుతుందో చెప్పలేను. ఇక్కడ చూపుంది, భారం లేదు. అక్కడ భారం ఉంది, చూపు లేదు. రెండుచోట్లా నేను సగం మనిషినే.

*

ఆ రోజుల్లో రైల్లో ఒక చిన్న పుస్తకం ఇంగ్లీషు అనువాదంలో చదివాను. కమో నో చోమే అనే ఆయన 1212లో రాసిన 'హోజోకి'. కూర్చుంటే గంటలో అయిపోతుంది. చోమే క్యోటో మనిషి. 1177లో నగరాన్ని కాల్చిన అగ్నిప్రమాదం, 1180లో సుడిగాలి, అదే ఏడాది ఉన్నట్టుండి రాజధాని మార్చడం, ఆ వెంటనే రెండేళ్ళ కరువు, 1185లో భూకంపం, ఇవన్నీ చూశాడు. సన్యసించి, చివరికి అరవయ్యో ఏటికి దగ్గరపడ్డాక హినో కొండల్లో పదడుగుల చదరంలో ఒక గుడిసె కట్టుకున్నాడు. ఊడదీసి రెండు బళ్ళలో వేసుకుని ఇంకోచోటికి పోయేలా కట్టాడు దాన్ని. ఇళ్ళు నిలవవని కళ్ళారా చూసినవాడు కదా.

నన్ను ఆపేసింది ఇది. కొద్దిరోజుల కోసమని ఆ కొండకి వచ్చిన మనిషి, అయిదేళ్ళు గడిచిపోయాయనీ, తాత్కాలికమనుకున్న గుడిసె సొంతూరిలా అయిపోయిందనీ ఒకచోట ఒప్పుకుంటాడు. నాకూ అప్పటికి అయిదేళ్ళే. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సన్యాసి నా రెసిడెన్స్ కార్డు చూసి రాసినట్టుంది. పుస్తకం చివర్లో ఆయన తన మీద తనే కేసు పెట్టుకుంటాడు. దేనిమీదా మమకారం పెట్టుకోవద్దని బుద్ధుడు చెప్పాడు, మరి ఈ గుడిసె మీద, ఈ ప్రశాంతత మీద నాకున్న ఇష్టం కూడా తప్పే కదా అని. తనని తాను నిలదీసుకుంటాడు, జవాబు దొరకదు. రెండుమూడుసార్లు బుద్ధుడి పేరు తలుచుకుని పుస్తకం ముగిస్తాడు.

విమర్శకుడినని చెప్పుకునే అర్హత నాకు లేదు. పుస్తకాలు చదివి నాకు తోచింది రాసుకునేవాణ్ణి. కానీ ఇక్కడ చోమేతో నాకొక పేచీ ఉంది. గుడిసెని ప్రేమించడం ఆయన తప్పని నాకనిపించలేదు. ఆ గుడిసె ఆయన్ని ఏమీ అడగదు. అదీ నాకు కనిపించిన తేడా. కొండ కింద కాపలావాడి పిల్లాడొకడు, పదేళ్ళవాడు, అప్పుడప్పుడూ వస్తే ఇద్దరూ కలిసి తిరుగుతారు. పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే. కానీ ఆ పిల్లాడికి జ్వరమొస్తే రాత్రి కూర్చోవాల్సింది చోమే కాదు. భారం లేని చోట ఇష్టం చాలా స్వచ్ఛంగా కనిపిస్తుంది. అంత స్వచ్ఛంగా ఉన్నందుకే దాన్ని కొంచెం అనుమానించాలి. ఒక ముసలి సన్యాసికి, అన్ని చావులు చూసినవాడికి, ఆ విశ్రాంతి న్యాయమే. ముప్పై ఏళ్ళు దాటిన నాబోటివాడికి న్యాయమేనా?

*

అదే ఏడాది అక్టోబరులో ఒక సంగతి జరిగింది. మా వీధిలో చెత్త చోటుని ఇళ్ళవాళ్ళు వారానికొకరు వంతులేసుకుని చూసుకుంటారు. పొద్దున వల సరిగ్గా పరచాలి, బండి వెళ్ళాక వల మడిచి చుట్టూ ఊడవాలి. అయిదేళ్ళలో మా ఇంటికి ఆ వంతు ఒక్కసారీ రాలేదు. ఒకరోజు పక్కింటావిడ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, చాలా మొహమాటంగా, ఒక ముసలావిడ ఇక చేయలేకపోతోందనీ, మేం ఒక వారం తీసుకోగలమా అనీ మా ఆవిణ్ణి అడిగింది. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎందుకు అడగలేదంటే, త్వరలో వెళ్ళిపోయేవాళ్ళు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నారట.

నాకు సిగ్గేసింది. "ఎట్లాగూ వెళ్ళిపోతాం" అన్న నా మాటనే ఆ వీధి జపనీస్‌లో, ఎంతో మర్యాదగా, నాకు తిరిగి చెప్పింది. ఇన్నాళ్ళూ వల మడిచిన చేతుల్ని నేను కిటికీలోంచి చూసి ముచ్చటపడ్డాను. మా చెత్త కూడా ఆ చేతులే చూసుకున్నాయి.

వంతు తీసుకున్నాం. కాలే చెత్త వారానికి రెండుసార్లు, రీసైకిల్‌కి వెళ్ళేది ఒకసారి, కాలనిది నెలకి రెండుసార్లు. మూడో వారమే ఎవరో కాలే చెత్త రోజున సీసాలు పెట్టారు. బండివాళ్ళు వాటిని వదిలేసి వెళ్ళారు. వాటిని చూసి నాకు నిజంగా కోపం వచ్చింది, "ఈ వీధిలో ఉంటూ ఆమాత్రం తెలీదా" అని పైకే అన్నాను, తెలుగులో. అన్నాక నాకే నవ్వొచ్చింది. అయిదేళ్ళలో ఆ వీధి మీద నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. కోపం వచ్చిన రోజున అది నా వీధి అనిపించింది. పూల ఫొటోలు అయిదేళ్ళలో చేయలేని పని నాలుగు సీసాలు చేశాయి.

రోజువారీ బతుకుని ఇష్టపడటమంటే దాన్ని అందంగా చూడటం అనుకునేవాణ్ణి. చూడటం కావాలి, కాదనను. చూపే లేకపోతే భారం వట్టి చాకిరీ అవుతుంది, అన్నయ్య అలసటలో నాకు వినిపించింది అదే. కానీ భారంలో వాటా లేని చూపు టిక్కెట్టు కొని సినిమా చూసినట్టే. ఎంతకాలం ఉంటామన్నది ఇందులో పెద్ద విషయం కాదని కూడా తెలిసింది. ఒక వారం వంతు తీసుకోవడానికి ఒక వారం ఉంటే చాలు.

*

మరి తెనాలి? అక్కడ నేను చేయాల్సింది దీనికి తిరగబడి ఉంది. భారం ఉంది, చూపు కావాలి.

మా ఇంటి ఫోన్లన్నీ ఒకే పద్ధతి. "ఏంటి నాన్నా విశేషాలు?" "ఏముంటాయిరా, అంతా మామూలే." "అమ్మకెలా ఉంది?" "మామూలే." నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఏళ్ళ తరబడి ఈ మాట నాకు వార్డు లౌడ్‌స్పీకర్లో పాటలాంటిది. అందులో కబురేం ఉండదు, ఏ విపత్తూ రాలేదన్న భరోసా తప్ప. "మామూలే" అని వినగానే నా పని అయిపోయేది. తమాషా ఏంటంటే, మామూలు అన్న మాటకి మనకి ఇంకో అర్థం కూడా ఉంది: ఆఫీసుల్లో పనికావడానికి ముట్టజెప్పేది. నా ఆదివారం ఫోను కూడా అలాంటి మామూలే. ముట్టజెప్పేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

ఒకరోజు అడిగాను. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ నాలుగున్నర. "మామూలే అంటే ఏంటి నాన్నా? పొద్దున్నించీ ఏం జరిగింది?" కాసేపు అవతల మాట లేదు. "ఏం జరుగుతుందిరా?" అని విసుక్కున్నాడు. నేను వదల్లేదు. మన వెనక కాలవ ఎక్కడిదాకా వెళుతుందని అడిగాను. అప్పుడు మొదలుపెట్టాడు. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఎలా మారిందో, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు నీళ్ళకి ఎలా ఇబ్బందో, మళ్ళీ వదిలిన రోజు మొదటి నీళ్ళు ఎర్రగా ఎలా వస్తాయో. "కిందటేడు కంటే ఈసారి వారం ఆలస్యంగా వదిలార్రా" అన్నాడు. "నీకెలా గుర్తుంది?" అంటే, "డైరీలో ఉందిగా" అన్నాడు.

నాన్న డైరీ రాస్తాడని నాకు తెలుసు. కోఆపరేటివ్ బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్నుంచీ రాస్తున్నాడు. జమాఖర్చులనుకున్నాను. చదవమన్నాను. కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. రోజుకి రెండుమూడు ముక్కలు, అంతే. కాలవ వదిలారు. గ్యాస్ బండ వచ్చింది. అమ్మకి బీపీ కొంచెం ఎక్కువ. మునక్కాడలు చవక. చిన్నోడు ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళ మామూలు రోజులు ఆ అలమరలో వరసగా ఉన్నాయి. గ్యాస్ బండకీ మునక్కాడలకీ మధ్యలో నేనున్నాను. మా ఊరివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి ఇళ్ళ మామూలు రోజుల్నే జీవితాంతం రాశారని నేను పుస్తకాల్లో చదివి మెచ్చుకున్నాను. మా ఇంట్లోనే అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. "మనం మన చుట్టూ ఉన్నవాటిని పట్టించుకోం" అని ఆస్పత్రి కారిడార్లో ఉన్న అన్నయ్యకి పాఠం చెప్పినవాణ్ణి నేను.

ఉండబట్టలేక అడిగాను: "నీ ఆపరేషన్ రోజు ఏం రాశావు?" ఇంటికొచ్చాక రాశాడట. పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత మామూలు గొంతుతోనే చదివాడు. "ఆపరేషన్ అయింది. పెద్దోడు రాత్రంతా మేలుకుని ఉన్నాడు. చిన్నోడు పూల ఫొటోలు పంపాడు."

అందులో నింద లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఇద్దరు కొడుకులు ఆ రోజు ఏం చేశారో ఆయన ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. నేను సగం సగంగా మోస్తున్న రెండూ, చూపూ భారమూ, ఆయన ఒక్క లైన్లో పెట్టుకున్నాడు. ఆయన దాన్ని ఇష్టపడటం అనడు. ఏమంటావు అని అడిగితే మామూలే అంటాడు.

అప్పట్నుంచీ నాన్న మందులు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తేదీలు నేను చూసుకుంటున్నాను. ఏ మాత్ర ఎప్పుడు అయిపోతుందో లెక్క నా దగ్గరుంది. రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. ఇది అన్నయ్య మోసేదాంట్లో చిన్న ముక్క కూడా కాదు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఒకసారి నేను ఫోన్లో "షుగర్ టెస్ట్ మంగళవారం కాదు, బుధవారం పెట్టించు, మంగళవారం ఆయన చీటీ పాటకి వెళతాడు" అంటే వాడు కాసేపు ఆగి, "అవున్రోయ్" అన్నాడు. అంతే. దాన్ని నేను ఎక్కువ చేసి చెప్పుకోను.

*

ఈ సెప్టెంబరులో వెళ్ళిపోతున్నాం. ఈసారి నిజంగానే. ఇక్కడ పెద్ద సామాను పారెయ్యాలంటే ముందు చెప్పి, డబ్బు కట్టి స్టిక్కర్ అంటించాలి. బల్లకి స్టిక్కర్ అంటించడానికి మా ఆవిడకి మనసొప్పలేదు. పై వీధిలోకి కొత్తగా నెల్లూరు వాళ్ళొచ్చారు, చిన్న జంట. వాళ్ళని అడిగాం. "ఎందుకండీ, మేం 18 నెలలకే వచ్చాం, ఎట్లాగూ వెళ్ళిపోతాం కదా" అన్నాడా అబ్బాయి. నేనేం మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, "సాంబారు పెట్టుకోవడానికి పనికొస్తుందండీ" అంది.

తెనాలి వెళ్ళాక నేను మళ్ళీ ఏమీ చూడని మనిషిని అవుతానేమోనని భయం ఉంది. భారం మీద పడగానే చూపు పోతుందని అన్నయ్యని చూసి తెలుసుకున్నాను. పోనక్కర్లేదని నాన్నని చూసి తెలుసుకున్నాను. నేను ఎవరిలా ఉంటానో ఇక్కణ్ణుంచి చెప్పలేను.

ఈ వారం వల వంతు మాదే. నిన్న పొద్దున నేను వెళ్ళేసరికి కాకులు ఒక సంచి చింపేశాయి. వీధంతా కోడిగుడ్డు పెంకులు. ఊడుస్తుంటే మూలింటి పెద్దాయన తన చీపురు తెచ్చి, ఏమీ అనకుండా, రెండడుగుల మేర ఊడ్చి వెళ్ళాడు. రాత్రి ఎనిమిదింటికి నాన్నకి ఫోన్ చేశాను. "ఏరా, ఏంటి విశేషాలు?" అన్నాడు. నోటిదాకా వచ్చిన "మామూలే"ని మింగి, కాకుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

"ఉండు ఉండు," అన్నాడు నాన్న. "పెన్ను తెచ్చుకోనీ."